“అందరూ చిన్న డాక్టర్లే చూస్తున్నారు, పాపను ప్రైవేటుకు మార్చాలా?” – బోధనాసుపత్రి పిల్లల వార్డు గురించి వివరంగా

ప్రశ్న క్లుప్తంగా ఇది: మూడేళ్ల పాప, బరువు 12 కిలోలు. నాలుగు రోజులుగా జ్వరం, మధ్యలో ఒకసారి ఫిట్స్. ప్రభుత్వ బోధనాసుపత్రిలో చేర్చారు. సెలైన్ పెట్టడానికి నాలుగుసార్లు పొడిచారు. వెన్నులో నీరు పీజీ డాక్టరే (ఎంబీబీఎస్ అయ్యి పిల్లల వైద్యంలో పై చదువు చదువుతున్నవారు) తీశారు. పెద్ద డాక్టరు పొద్దున ఒకసారి వచ్చి ఐదు నిమిషాల్లో వెళ్లిపోతున్నారు. “మా పాప మీద నేర్చుకుంటున్నారా? అప్పు చేసైనా ప్రైవేటుకు తీసుకుపోవాలా?”

పీజీలు చూస్తున్నారన్న ఒక్క కారణంతో పాపను కదిలించకండి. కదిలించాల్సిన కారణాలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి చివర్లో చెబుతాను. పిల్లల వార్డులో నిజంగా దెబ్బ తగిలే చోట్లు రెండు. ఒకటి, ఒక డ్యూటీ వాళ్లు దిగి ఇంకో డ్యూటీ వాళ్లు ఎక్కేటప్పుడు కబురు సరిగ్గా అందకపోవడం. రెండు, రాత్రిపూట కింది డాక్టరు పై డాక్టరును లేపడానికి జంకడం. ఈ రెండింట్లోనూ తల్లిదండ్రులు చేయగలిగింది చాలా ఉంది. ఎందుకంటే 24 గంటలూ మంచం దగ్గర మారకుండా ఉండేది పాప వాళ్లమ్మ ఒక్కతే. డాక్టర్లు, సిస్టర్లు అందరూ మారిపోతుంటారు.

ముందు ఎవరు ఎవరో తెలియాలి. అందరూ తెల్లకోటే వేసుకుంటారు, అందరినీ మనం సార్ అనో మేడమ్ అనో పిలుస్తాం, అందుకే గజిబిజి. గుంపుగా వచ్చి పుస్తకం పట్టుకుని నిలబడేవాళ్లు ఎంబీబీఎస్ విద్యార్థులు. వాళ్లు పాపను పరీక్షించి నేర్చుకుంటారు తప్ప మందులు రాయరు. హౌస్ సర్జన్ అంటే నాలుగున్నరేళ్ల చదువు పూర్తయి ఒక ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఉన్నవారు. రక్తం తీయడం, సెలైన్ సూది పెట్టడం, బీపీ, జ్వరం చూడడం ఎక్కువగా వీళ్ల పని. వీళ్లకు ఉండేది తాత్కాలిక రిజిస్ట్రేషన్, పై వాళ్ల అజమాయిషీలోనే పనిచేయాలి. పీజీ అంటే ఎంబీబీఎస్ ముగించి, మెడికల్ కౌన్సిల్‌లో పూర్తి రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరు. పిల్లల వైద్యంలో ఎండీ మూడేళ్లు, డిప్లొమా రెండేళ్లు చదువుతారు. మీరు “చిన్న డాక్టర్” అంటున్నది ఎక్కువగా వీళ్లనే. వీళ్ల పైన ఎండీ అయిపోయిన సీనియర్ రెసిడెంట్, ఆ పైన అసిస్టెంట్, అసోసియేట్ ప్రొఫెసర్లు, అందరి పైన యూనిట్ చీఫ్. హైదరాబాద్ నిలోఫర్ అయినా, విశాఖ కేజీహెచ్ అయినా, తిరుపతి రుయా అయినా వరస ఇదే.

ఇక్కడ “యూనిట్” అన్న మాట పట్టుకోండి, చాలా పనికొస్తుంది. పాపను చేర్చిన రోజు ఏ యూనిట్ డ్యూటీలో ఉంటే పాప ఆ యూనిట్ కేసు అవుతుంది. కేస్ షీటు అట్ట మీద యూనిట్ నంబరో చీఫ్ పేరో రాసి ఉంటుంది. మొదటి రోజే చూసి రాసిపెట్టుకోండి. పొద్దున రౌండ్లకు మీ యూనిట్ వాళ్లే వస్తారు. మధ్యాహ్నం తర్వాత, రాత్రి, సెలవు రోజు మాత్రం ఆ రోజు డ్యూటీలో ఉన్న యూనిట్ పీజీ మొత్తం వార్డును చూసుకుంటారు. ఆయనకు మీ పాప కథ తెలియదు. పొద్దున చీఫ్ “ఈ రాత్రి మళ్లీ ఫిట్స్ వస్తే ఫలానా మందు మొదలుపెట్టండి” అని నోటితో చెప్పి ఉండొచ్చు. అది కేస్ షీటులోకి ఎక్కకపోతే రాత్రి రెండు గంటలకు వచ్చిన పీజీకి ఆ మాట లేనట్టే.

పిల్లల ఆసుపత్రుల్లో దీని మీద గట్టి పరిశోధనే జరిగింది. అమెరికా, కెనడాల్లోని 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో రెసిడెంట్లు (మన పీజీల లాంటివాళ్లు) డ్యూటీ అప్పగించే తీరును ఒక పద్ధతిలో పెట్టారు. జబ్బు తీవ్రత ఎంత, ఇప్పటిదాకా జరిగిందేంటి, ఈ డ్యూటీలో చేయాల్సిన పనులేంటి, ఏమైతే ఏం చేయాలి, చివరికి విన్నవాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పడం. దీన్ని ఐ-పాస్ అంటారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం వైద్యంలో తప్పులు 23 శాతం తగ్గాయి. డాక్టర్లు మారలేదు, వాళ్ల అనుభవం పెరగలేదు. అప్పగింత ఒక్కటే మారింది.

అందుకని మీరూ సాయంత్రం ఆరేడు గంటలప్పుడు, డ్యూటీ మారేలోపు, మీ యూనిట్ పీజీని మూడు ప్రశ్నలు అడగండి: “ఈ రాత్రి పాపలో ఏం గమనించమంటారు? ఏం కనిపిస్తే పిలవాలి? ఎవరిని పిలవాలి?” జవాబు విన్నాక “అంటే ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా వెంటనే డ్యూటీ డాక్టర్‌ను పిలవాలి, అంతేగా మేడమ్?” అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఏదైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే అక్కడే సరిదిద్దుతారు. ఆ తర్వాత “ఇది షీటులో రాశారా మేడమ్, రాత్రి వాళ్లకు తెలియాలి కదా” అని ఒక్క మాట. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

ఒక చిన్న నోటుబుక్కు కొనండి. పేజీ పైన తేదీ, పాప బరువు రాయండి. కింద గంటల వారీగా జ్వరం ఎంత, ఎన్ని ఎంఎల్ తాగింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది, వాంతులు, విరేచనాలు, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారు, ఏ శాంపిల్ ఎప్పుడు పంపారు, రిపోర్టు వచ్చిందా. ఫిట్స్ వస్తే మొదలైన టైము, ఆగిన టైము, ఏ చేయి ఏ కాలు కొట్టుకుంది, కళ్లు ఎటు తిరిగాయి. మూత్రం లెక్కకు ఒక ఉపాయం ఉంది. డైపరు వాడుతుంటే పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, తడిశాక ఒకసారి తూయండి, పెరిగిన ప్రతి గ్రామునూ ఒక ఎంఎల్‌గా లెక్కేసుకోండి. సెలైన్ ఎక్కుతున్న పిల్లల్లో గంటకు కిలోకు ఒక ఎంఎల్‌కు తగ్గకూడదు. మీ పాపకైతే ఆరు గంటల్లో సుమారు 72 ఎంఎల్. అంతకన్నా బాగా తగ్గితే ఆ అంకె చెప్పి పిలవండి.

బరువు ప్రతి పేజీ పైన ఉండాలని ఎందుకంటున్నానంటే పిల్లల వైద్యంలో ప్రతి డోసూ బరువు మీదే లెక్క. కొత్తగా పోస్టింగ్‌కు వచ్చినవాళ్లు తరచూ పొరబడేదీ ఇక్కడే. చుక్క ఒక స్థానం జరిగితే డోసు పదింతలవుతుంది, లేదా పదో వంతవుతుంది. సిస్టర్ మందు తెచ్చినప్పుడు “సిస్టర్, పాప బరువు 12 కిలోలు” అనండి. లెక్క మళ్లీ ఒకసారి చూసుకుంటారు. జ్వరం మందు సంగతైతే మీరే లెక్క కట్టొచ్చు. పారాసెటమాల్ డోసుకు కిలోకు 15 ఎంజీ, అంటే 12 కిలోల పాపకు 180 ఎంజీ. మన దగ్గర ఎక్కువగా దొరికే సీసాలు మూడు రకాలు. 5 ఎంఎల్‌లో 125 ఎంజీ ఉండే సిరప్ అయితే 7.2 ఎంఎల్. 5 ఎంఎల్‌లో 250 ఎంజీ ఉండేదైతే 3.6 ఎంఎల్. ఒక ఎంఎల్‌లో 100 ఎంజీ ఉండే చుక్కల మందైతే 1.8 ఎంఎల్ చాలు. వార్డులో ఒక సీసా, మీరు బయట కొన్నది ఇంకో సీసా అయినప్పుడు “అయిదు ఎంఎల్ పట్టండి” అన్న మాట ప్రమాదం. చుక్కల మందు అయిదు ఎంఎల్ పడితే అది 500 ఎంజీ, దాదాపు మూడు డోసులు. అందుకే ఎప్పుడూ “ఎన్ని ఎంజీ?” అని అడిగి, సీసా మీద చూసుకుని పట్టండి. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి, 24 గంటల్లో నాలుగు డోసులు మించకూడదు.

సెలైన్ కూడా ఇంతే. పిల్లలకు పెద్ద సీసాను నేరుగా ఎక్కించరు, మధ్యలో గీతలున్న చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని బ్యూరెట్ సెట్ లేదా మైక్రోడ్రిప్ సెట్ అంటారు. అందులో 60 చుక్కలు ఒక ఎంఎల్. కాబట్టి నిమిషానికి ఎన్ని చుక్కలు పడితే గంటకు అన్ని ఎంఎల్ ఎక్కుతున్నట్టు. రోజుకు కావాల్సింది మొదటి 10 కిలోలకు కిలోకు 100 ఎంఎల్, తర్వాతి 10 కిలోలకు కిలోకు 50 ఎంఎల్. మీ పాపకు 1,100 ఎంఎల్, అంటే గంటకు సుమారు 46. డాక్టర్లు జబ్బును బట్టి దీన్ని తగ్గిస్తారు, పెంచుతారు, కాబట్టి మీరు చక్రం తిప్పకండి. అయితే గంటకు ఎంత అని రాశారో అడిగి తెలుసుకుని, గడియారం పెట్టి ఒక నిమిషం చుక్కలు లెక్కపెట్టండి. పాప చేయి మడిస్తే చుక్కలు ఆగిపోతాయి, చాచితే గబగబా పడతాయి. రాత్రంతా ఆగిపోయి పొద్దున కనిపెట్టడం, లేదా గంటలో అయిపోవాల్సినంత పది నిమిషాల్లో దిగిపోవడం, రెండూ జరుగుతాయి. ఇద్దరు సిస్టర్లు నలభై మంది పిల్లలను చూసే వార్డులో ఈ ఒక్క పని అమ్మ చూసుకుంటే ఎంతో సాయం.

ఇక సూది నాలుగుసార్లు పొడిచిన సంగతి. మూడేళ్ల పిల్లలకు బొద్దు చేతుల్లో రక్తనాళం కంటికి కనిపించదు. జ్వరంతో, వాంతులతో ఒంట్లో నీళ్లు తగ్గితే నాళాలు ముడుచుకుపోతాయి. పదిహేనేళ్ల అనుభవం ఉన్నవాళ్లకూ ఒక్కోసారి దొరకదు. అంతమాత్రాన నాలుగుసార్లూ ఒకరే ప్రయత్నించడం మాత్రం సరైంది కాదు. చాలా చోట్ల పాటించే పద్ధతి ఏంటంటే ఒకరు రెండుసార్లు ప్రయత్నించి, దొరక్కపోతే తమకన్నా చేయి తిరిగినవాళ్లను పిలవాలి. రెండోసారి తప్పాక “సార్, ఒకసారి సీనియర్‌ను గానీ ఐసీయూ సిస్టర్‌ను గానీ పిలుద్దామా” అని మీరు అడగొచ్చు. ఐసీయూలో, పసిపిల్లల వార్డులో ఏళ్ల తరబడి పనిచేసిన సిస్టర్ల చేతికి దొరకని నాళం అరుదు. పీజీలకూ ఆ సంగతి తెలుసు. పాప షాక్‌లో (రక్తప్రసరణ ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో) ఉన్నప్పుడు మాత్రం ఇలా ఆపకండి, అప్పుడు ఎవరి చేతికి దొరికినా, అవసరమైతే మోకాలి కింద ఎముకలోంచి అయినా ద్రవం ఎక్కించాలి.

పొడిచేటప్పుడు పాపను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు అదిమి పట్టుకుంటే భయంతో ఇంకా పెనుగులాడుతుంది. పాపను అమ్మ ఒళ్లో ఛాతీకి ఛాతీ ఆనించి కూర్చోబెట్టి, ఒక చేయి మాత్రం అమ్మ చంక కిందుగా బయటికి చాచి డాక్టర్‌కు ఇస్తే పని సులువవుతుంది. పాలు తాగే పిల్లలైతే తాగిస్తూనే పొడవొచ్చు, నొప్పి తగ్గుతుంది. చర్మం మొద్దుబారే లిడోకైన్–ప్రిలోకైన్ క్రీము ఉంది. కానీ రాసి గంటసేపు ఉంచాలి కాబట్టి అత్యవసరానికి పనికిరాదు, రేపటి రక్తపరీక్షకు పనికొస్తుంది. డాక్టర్‌ను అడిగే రాయండి. సూది పెట్టాక అది ఉన్న చోటును రోజుకు నాలుగైదుసార్లు చూడండి. వాపు, ఎర్రదనం, గట్టిపడటం, తాకితే ఏడవడం కనిపిస్తే మందు ఎక్కించొద్దని చెప్పి సిస్టర్‌ను పిలవండి. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ లాంటి మందులు నాళం బయటికి కారితే చర్మం, కండ దెబ్బతింటాయి. కట్టు మీద దుప్పటి కప్పేస్తే ఆ వాపు ఎవరికీ కనబడదు.

వెన్నులో నీరు తీయడం గురించి భయం మన ఊళ్లలో చాలా ఎక్కువ. “తీస్తే కాళ్లు పడిపోతాయి” అనే మాట వినని వార్డు ఉండదు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది గుచ్చేది అంతకు కింద, తుంటి ఎముకల పై అంచులను కలిపే గీత దగ్గర. అక్కడ వెన్నుపాము ఉండదు, దాని నుంచి దిగే నరాల పోగులు నీళ్లలో తేలుతూ ఉంటాయి, సూది తగిలితే పక్కకు జరుగుతాయి. తీసే నీరు ఒక్కో ట్యూబులో ఒక ఎంఎల్ చొప్పున రెండు మూడు ట్యూబులు. మెదడువాపు (మెదడు చుట్టూ ఉండే పొరల వాపు, మెనింజైటిస్) ఉందా, ఉంటే బ్యాక్టీరియాదా వైరస్‌దా క్షయదా అని తేల్చేది ఈ పరీక్షే. పీజీలు రోజూ చేసే పని ఇది.

ఇందులో తప్పేది ఎక్కువగా సూది వేసే చేతి వల్ల కాదు, పాపను పట్టుకునే చేతి వల్ల. మోకాళ్లు కడుపుకు, గడ్డం ఛాతీకి తగిలేలా వీపును విల్లులా వంచి కదలకుండా పట్టుకోవాలి. మెడ మరీ నొక్కితే ఊపిరి ఆడదు. పట్టు సడలితే సూది పక్క నాళానికి తగిలి నీటిలో రక్తం కలుస్తుంది. దానివల్ల పాపకు హాని లేదు గానీ కణాల లెక్క తారుమారై రిపోర్టు తేల్చడం కష్టమవుతుంది, మళ్లీ తీయాల్సి రావొచ్చు. సంతకం పెట్టే ముందు మూడు విషయాలు అడగండి: ఎవరు తీస్తారు, పక్కన సీనియర్ ఉంటారా, రెండుసార్లకు రాకపోతే ఎవరు తీస్తారు. సమ్మతి పత్రం ఇంగ్లిషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి. ఏం చేస్తున్నారో, ఎందుకో, వద్దంటే ఏమవుతుందో తెలుసుకునే హక్కు మీకు ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే, విషయం తెలియకుండా పెట్టిన సంతకం సమ్మతి కాదు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలాసార్లు పాడయ్యేది ఈ చోటే. తీసిన నీరు ల్యాబుకు గంటలోపు చేరాలి. ఆలస్యమైతే కణాలు విచ్చిపోతాయి, చక్కెర తగ్గిపోతుంది, రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. వార్డు బాయ్ దొరక్క ట్యూబులు కిటికీ మీద రెండు గంటలు ఉండిపోవడం కొత్త కాదు. మీ చేతికే ఇస్తే ఆలోచించకుండా నేరుగా ల్యాబుకు పట్టుకెళ్లి రిజిస్టరులో ఎక్కించి, నంబరు నోటుబుక్కులో రాసుకోండి. ఆ నీటిలోని చక్కెరను రక్తంలోని చక్కెరతో పోల్చి చూస్తారు, మామూలుగా అది రక్తంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులు ఉంటుంది. కాబట్టి అదే సమయంలో రక్తం చక్కెర కూడా చూశారా అని అడగండి. కల్చర్ (క్రిమి పెరుగుతుందేమో పెంచి చూసే పరీక్ష) రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అది వచ్చే రోజు మీ యూనిట్ వాళ్లు ఇంకో పనిలో ఉండొచ్చు. నంబరు మీ దగ్గర ఉంటే మీరే వెళ్లి తెచ్చేస్తారు.

“అడిగిందే అడుగుతున్నారు” అని విసుగు వస్తుంది. విద్యార్థి, హౌస్ సర్జన్, పీజీ, అసిస్టెంట్ నలుగురూ మొదటి నుంచి చెప్పమంటారు. దయచేసి నాలుగోసారి కూడా కుదించకుండా చెప్పండి. మొదట మరిచిపోయిన ముక్క మూడోసారి గుర్తొస్తుంది. ఇంట్లో దగ్గుతున్న తాతయ్య సంగతి, వేయించని టీకా సంగతి అలాగే బయటపడతాయి. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర వేయించిన సూదులు, పట్టిన మందుల ఖాళీ కవర్లు, సీసాలు తప్పకుండా తేండి. ముందే యాంటీబయాటిక్ పడితే వెన్నునీటి కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు, ఆ సంగతి డాక్టర్‌కు తెలియాలి. పసరు పోయించినా, వాతలు పెట్టించినా సిగ్గుపడకుండా చెప్పండి. దాచితే నష్టం పాపకే.

రౌండ్లలో మాట్లాడేది విని బెంబేలెత్తకండి. మంచం చుట్టూ పదిమంది నిలబడి ఇంగ్లిషులో మాట్లాడుకుంటుంటే అమ్మ చెవిన “టీబీ”, “ట్యూమర్” అని పడుతుంది, ఇక ఆ రోజంతా అన్నం ముట్టదు. ఆ జ్వరం, ఆ ఫిట్స్ ఏయే కారణాలతో రావొచ్చో అన్నీ వరసగా చెప్పమని పీజీని అడగడం బోధనలో భాగం. పాపకు ఉన్న జబ్బు అందులో ఒకటే, మిగతావన్నీ కొట్టేయడానికే చెబుతారు. “నెగెటివ్” అంటే చాలాసార్లు మంచి కబురు. రౌండు అయ్యాక పీజీని పక్కకు పిలిచి “మేడమ్, పాపకు ఏం ఉందనుకుంటున్నారు, ఇవాళ ఏం మారింది?” అని తెలుగులో అడగండి. ఐదు నిమిషాల్లో చీఫ్ వెళ్లిపోయారంటే చూడలేదని కాదు. ఆయనకు పీజీ అరగంట ముందే అంతా చదివి పెడతారు. చీఫ్ చూసిన సంగతీ, చెప్పిన మార్పులూ షీటులో రాస్తారు. సీనియర్‌తో మాట్లాడి నిర్ణయించిన చోట “డిస్కస్డ్ విత్” (ఫలానావారితో చర్చించాం) అని పేరు రాస్తారు. ఆ రెండు మాటల పక్కన పేరు ఉందా అని చూడడం ఎవరికైనా వస్తుంది.

విద్యార్థులు పాపను తాకడానికి మీరు ఒప్పుకోవాలా? వద్దనొచ్చు, దానికి వైద్యం ఆపకూడదు. పాప నిద్రలో ఉన్నా, జ్వరంతో తల్లడిల్లుతున్నా “సాయంత్రం రండి నాన్నా” అనండి, వెళ్లిపోతారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, క్యాన్సర్ మందులు ఎక్కుతున్న పిల్లల దగ్గరకు గుంపులు రాకూడదు. ఎవరు తాకినా ముందు చేతులు శానిటైజర్‌తో తుడుచుకోవాలి, ఆ సీసా మంచం దగ్గర పెట్టుకుని చేయి చాచితే చాలు, అడగక్కర్లేదు. ఫోనులో ఫొటో తీస్తే ఎందుకో అడగండి, ముఖం పడకూడదు. ఎండీ పరీక్షల సమయంలో పెద్ద ప్లీహం ఉన్న తలసీమియా పిల్లల్ని, గుండెలో రంధ్రం ఉన్న పిల్లల్ని “కేసు”గా ఉండమని అడుగుతారు. అది పూర్తిగా మీ ఇష్టం. ఒప్పుకుంటే తిండి టైముకు, మందుల టైముకు అడ్డు రాకూడదని ముందే చెప్పండి.

రాత్రి పాప పరిస్థితి మారితే ఎలా పిలవాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. “పాపకు బాలేదు, రండి” అంటే వార్డులో ఉన్న నలభై మంది తల్లులు అనేదీ అదే. “సాయంత్రం పిలిస్తే మాట్లాడింది, ఇప్పుడు గిల్లితే కళ్లు తెరిచి మళ్లీ పడుకుంటోంది” అనండి. “ఎనిమిది గంటల నుంచి మూత్రం పోయలేదు” అనండి. “నిమిషానికి 52 సార్లు ఊపిరి తీస్తోంది” అనండి. ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి: పాప ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, ఆ అంకెను అందుకున్నా దాటినా వేగంగా ఉన్నట్టు. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే ఇంకా ప్రమాదం. మీ పాప విషయంలో మళ్లీ ఫిట్స్, ఆగని వాంతులు, ఒక చేయో కాలో ఆడకపోవడం, కీచుగా అరవడం, మత్తు పెరగడం, వీటిలో ఏది కనిపించినా ఆగకండి. ఫిట్స్ వస్తే పక్కకు పడుకోబెట్టి టైము చూడండి, సిస్టర్‌ను కేకేయండి. నోట్లో చెంచా పెట్టొద్దు, చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పనిచేయవు. డెంగీ జ్వరమైతే జ్వరం తగ్గిన రోజే ఎక్కువ కాపలా కాయాలి. చేతులు, కాళ్లు చల్లబడడం, కడుపునొప్పి, మూత్రం తగ్గడం అప్పుడే మొదలవుతాయి.

డ్యూటీ హౌస్ సర్జన్ వచ్చి చూసి “పర్లేదమ్మా” అన్నాక కూడా మీకు మనసు ఒప్పకపోతే “పీజీ గారికి ఒకసారి చూపిస్తారా” అనండి. పీజీ చూశాకా అదే మాటైతే “మీ సీనియర్‌కు, ఆన్‌కాల్ అసిస్టెంట్ గారికి ఫోను చేసి చెప్పండి, ఆయన ఏమన్నారో షీటులో రాయండి” అనండి. అప్పటికీ కదలకపోతే ఆర్ఎంఓ (ఆసుపత్రి నిర్వహణ చూసే వైద్యాధికారి) ఆఫీసు. ఒక్కో మెట్టు మీద పది పదిహేను నిమిషాలకు మించి ఆగకండి. ఇది గొడవ కాదు. ఇంగ్లాండులో 13 ఏళ్ల మార్తా మిల్స్, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల ఒళ్లంతా దెబ్బతినడం) ముదురుతోందని తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నా సకాలంలో ఐసీయూకు మార్చక 2021లో చనిపోయింది. అందుకే 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో మార్తా రూల్ తెచ్చారు, కుటుంబమే వేరే బృందాన్ని నేరుగా పిలవొచ్చు. ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో మూడేళ్లు నిండని ర్యాన్ సాండర్స్ 2007లో చనిపోయాక ర్యాన్ రూల్ వచ్చింది. మన దగ్గర అలాంటి ఫోను నంబరు లేదు, మెట్లు మాత్రం ఉన్నాయి, ఎక్కాలి. అరవకండి. రాత్రంతా నిలబడి ఉన్న పీజీ మీద నలుగురు బంధువులు కేకలేస్తే ఆ తర్వాత మీ మంచం దగ్గరకు రావడానికి అందరూ వెనకాడతారు. మాట్లాడేది ఒక్కరే ఉండాలి, అది నోటుబుక్కు పట్టుకున్న మనిషై ఉండాలి.

ఇప్పుడు మార్చడం సంగతి. ఐసీయూ మంచమో వెంటిలేటరో అవసరమై అక్కడ లేకపోతే, కావాల్సిన స్కానో మెదడు సర్జనో లేకపోతే, అడిగినా 24 గంటల్లో ఒక్క సీనియరూ చూడకపోతే, పరిస్థితి దిగజారుతున్నా మందుల్లో ఏ మార్పూ లేకపోతే మార్చండి. మార్చేముందు వెళ్లబోయే ఆసుపత్రిని అడగాల్సిన మొదటి ప్రశ్న: “రాత్రి రెండు గంటలకు పిల్లల డాక్టర్ లోపల ఉంటారా, ఫోన్లో ఉంటారా?” పెద్ద ప్రైవేటు పిల్లల ఆసుపత్రుల్లోనూ రాత్రిపూట ఉండేది ఎక్కువగా డీఎన్‌బీ (ఎండీ లాంటి పీజీ చదువు) చదివే రెసిడెంట్లే. చిన్న నర్సింగ్ హోముల్లో పిల్లల వైద్యం చదవని డ్యూటీ డాక్టర్ ఒక్కరే ఉండొచ్చు. మంచం ఖాయం చేసుకుని, ఏ మందు ఎంత డోసు, ఆఖరి డోసు ఎన్నింటికి అని రాసిన రెఫరల్ కాగితం తీసుకుని, ఆక్సిజన్, మనిషి ఉన్న అంబులెన్సులో మాత్రమే కదలండి. ఫిట్స్ ఆగకుండానో బీపీ పడిపోయో ఉన్నప్పుడు కదిలిస్తే దారిలోనే ప్రాణం మీదికొస్తుంది. సొంత ఇష్టం మీద తీసుకెళ్తున్నామని సంతకం పెట్టాల్సి వచ్చినా రికార్డుల నకళ్లు అడిగే హక్కు పోదు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. బ్యాక్టీరియా వల్ల మెదడువాపు అని తేలితే యాంటీబయాటిక్ కోర్సు క్రిమిని బట్టి మామూలుగా ఏడు నుంచి పద్నాలుగు రోజులు ఉంటుంది. పాప బాగా ఆడుకుంటోందని నాలుగో రోజున ఇంటికి తీసుకుపోవడం వల్ల జరిగే నష్టం పీజీ చేతుల వల్ల జరిగేదానికన్నా చాలా పెద్దది.

డిశ్చార్జి రోజు హడావుడిలో కాగితం హౌస్ సర్జన్ రాస్తారు. తీసుకోగానే కదలకుండా అక్కడే నిలబడి చూడండి: కల్చర్ రిపోర్టు ఎక్కిందా, ఫిట్స్ మందు ఎంజీలో రాశారా, ఎన్నాళ్లు వాడాలో ఉందా, రివ్యూ తేదీ మీ యూనిట్ ఓపీ రోజున పడిందా. వేరే రోజు వెళ్తే పాపను తెలియనివాళ్లు చూస్తారు, మళ్లీ మొదటి నుంచి కథ. బ్యాక్టీరియా మెదడువాపు అయ్యుంటే వినికిడి పరీక్ష నాలుగు వారాల్లోపు చేయించాలి. దాన్ని బేరా అంటారు, ఈఎన్‌టీ విభాగంలో చేస్తారు. వార్డు నుంచి ఓపీకి, ఓపీ నుంచి ఈఎన్‌టీకి చేతులు మారేటప్పుడు జారిపోయేది ఎక్కువగా ఈ పరీక్షే. కాగితంలో లేకపోతే అక్కడే రాయించుకోండి.